చూపు లేని చేతికి పనిముట్టు

ఇంటిలోని పనిముట్లను చేతితో వాడుచున్నామని మనమందరము అనుకొందుము. కొంచెము నిదానించి చూచినచో వానిలో చాల భాగము కంటితో వాడుచున్నామని తెలియగలదు. గడియారపు ముల్లును చూచి వేళ తెలిసికొందుము. మంటను చూచి పొయ్యి తగ్గింతుము. పాలు పొంగుట చూచి గిన్నె దింపుదుము. రేడియో అద్దము వెనుక ముల్లు కదలుట చూచి కావలసిన కేంద్రమును పట్టుకొందుము. చేయి చేయునది చివరి పని మాత్రమే. అంతకు ముందరి పని యంతయు కన్ను చేసిపెట్టుచున్నది. కావున చూపు లేనివారు ఇంటిపనికి దూరమగుట వారి చేతి లోపము వలన కాదు. వస్తువును వాడువారు దానిని చూడగలరు గదా అని, చేసినవారు ముందుగానే అనుకొనుట వలన.

ఈ అనుకోలును కొంచెము కొంచెముగా సడలించుకొనుచు వచ్చిన చరిత్ర ఒకటి కలదు. అది రాజుల చరిత్ర వలె గ్రంథములలో ఒకచోట కూర్చబడి లేదు. గడియారముల వారి దుకాణములలో, అంధ పాఠశాలలలో, యుద్ధములో చూపు పోయిన సైనికుల ఆశ్రమములలో, వంటయిండ్లలో చెదరి యున్నది. దానిలోని ముఖ్య ఘట్టములను మేము ఈ ప్రసంగమున వరుసగా చెప్పదలచినాము.

మొదట గడియారము. విద్యుద్దీపములు లేని దినములలో రాత్రి వేళ తెలిసికొనుట చూపున్న వారికిని కష్టమే. చెకుముకి రాయి కొట్టి, దూది అంటించి, దీపము వెలిగించి చూడవలెను. ఈ బాధ తప్పించుటకై ఇంగ్లండులో 17వ శతాబ్దమున త్రాడు లాగినచో గంటలు కొట్టి వేళ చెప్పు గడియారము పుట్టినది. ఎడ్వర్డ్ బార్లో అను మతాచార్యుడు 1676 ప్రాంతమున దానిని కల్పించినాడు. చేతి సంచిలో ఇముడు చిన్న గడియారములలో ఆ ఏర్పాటును అమర్చు హక్కు ఎవరిదను వివాదము 1687లో బార్లోకును, డేనియల్ క్వేర్ అను గడియారపు పనివానికిని నడచి, రాజు రెండవ జేమ్స్ ఎదుటకు పోయినది. క్వేర్ పక్షమున తీర్పు వచ్చినది. ఈ వాదములో అంధుల ప్రసక్తి ఎక్కడను లేదు. ఐనను చూపున్నవాని రాత్రి కొరకు చేసిన వస్తువు, చూపు లేనివానికి పగలును రాత్రియును పనికి వచ్చినది.

1799 ప్రాంతమున పారిస్ నగరమున బ్రెగే అను ప్రసిద్ధ గడియారకారుడు మరియొక మార్గము త్రొక్కినాడు. అతడు చేసిన గడియారము మూత మీద ఒక బాణపు గుర్తు ఉండును. అంచు చుట్టును గంటలను తెలుపు చిన్న బొడిపెలు ఉండును. మూతను త్రిప్పుచు పోగా వేళ వచ్చిన చోట అది ఆగును. బాణము ఏ బొడిపె దగ్గర నున్నదో వ్రేలితో తడవి తెలిసికొనవచ్చును. సభలో గడియారము తీసి చూచుట మర్యాద కాదని తలచిన సంపన్నులు జేబులో చేయి యుంచియే కాలము తెలిసికొనుటకు దానిని కొన్నారు. ఇదియును అంధుల కొరకు పుట్టినది కాదు. కాని స్పర్శతో కాలమును చదువవచ్చునని లోకమునకు చూపినది.

ఆ విద్య సామాన్యుని చేతికి వచ్చుటకు ఇంకను నూరేండ్లకు పైగా పట్టినది. మొదటి ప్రపంచ యుద్ధములో కండ్లు పోయిన సైనికుల కొరకు 1915లో లండనులో సెయింట్ డన్‌స్టన్స్ అను ఆశ్రమము ఏర్పడినది. దానిని స్థాపించిన ఆర్థర్ పియర్సన్ పత్రికాధిపతి. నీటికాసుల వ్యాధి వలన తానును చూపు కోల్పోయినవాడు. ఆశ్రమమునకు వచ్చిన సైనికునికి మొట్టమొదట ఇచ్చు వస్తువులలో బ్రెయిలి గడియారము ఒకటి. పై అద్దము మూతవలె తెరచుకొనును. ముండ్లు వ్రేలి తాకిడికి కదలిపోకుండునట్లు గట్టిగా ఉండును. సాధారణముగా గంట గంటకు ఒక చుక్కయు, మూడు, ఆరు, తొమ్మిది గంటల చోట రెండేసి చుక్కలును, పండ్రెండు వద్ద మూడు చుక్కలును ఎత్తుగా పొదగబడి యుండును. నిన్నటి వరకు వేళ ఎంతయని ప్రక్కవానిని అడిగిన సైనికుడు నేడు తానే చెప్పగలిగినాడు. చిన్న విషయముగా తోచవచ్చును. కాని రోజు తన చేతిలోనికి తిరిగి వచ్చుట అనగా ఇదియే.

చుక్కల మాట వచ్చినది గనుక లూయీ బ్రెయిలిని తలచుకొనక తప్పదు. అతడు 1809 జనవరి 4న ఫ్రాన్సులోని కూవ్రే గ్రామమున పుట్టినాడు. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టువాడు. మూడేండ్ల వయస్సున తండ్రి పనిశాలలో తోలు పొడుచు పనిముట్టుతో ఆడుకొనుచుండగా అది కంటికి తగిలినది; ఆ గాయము రెండవ కంటికిని వ్యాపించి చూపు పూర్తిగా పోయినది. పారిస్‌లో వాలెంటిన్ ఆవీ స్థాపించిన అంధ పాఠశాలలో చేరినాడు. అచ్చట సామాన్యమైన అక్షరములనే పెద్దవిగా, ఉబ్బెత్తుగా అచ్చువేసి చదివించుచుండిరి. అవి కంటికి అనుకూలమైన రూపములే గాని వ్రేలికి అనుకూలమైనవి కావు. చార్లెస్ బార్బియే అను సైనికోద్యోగి 12 చుక్కలతో ఒక సంకేత లిపిని తెచ్చి చూపగా, బ్రెయిలి దానిని 6 చుక్కలకు తగ్గించి, వ్రేలి కొన క్రింద ఒక్క తాకిడిలో ఇముడునట్లు చేసినాడు. 1824 నాటికి, తన పదునైదవ ఏట, అతడు దాని రూపును సాధించినాడు, 1829లో ప్రకటించినాడు. కన్ను పొడిచినట్టి పనిముట్టుకు సోదరి యనదగిన మొనగల పుల్లతోనే ఆ చుక్కలను పొడుచుట విధి వైచిత్ర్యము.

ఇందులో మనకు కావలసిన సారాంశము ఒకటి. చూపున్నవారి వస్తువును పెద్దది చేసి యిచ్చినంత మాత్రమున అంధునకు పనికిరాదు. వ్రేలికి ఏది సులభమో వ్రేలిని అడిగి తెలిసికొనవలెను. తరువాత గృహోపకరణముల విషయమున జరిగిన మంచి పనులన్నియు ఈ సూత్రమును పాటించినవే.

వ్రాత పనిముట్ల కథయును ఇట్టిదే. ఇటలీ దేశమున పెల్లెగ్రీనో టూర్రీ అనువాడు చూపు కోల్పోయిన కరోలీనా ఫాంటోనీ అను ప్రభుపత్ని తన ఉత్తరములను తానే వ్రాసికొనుటకై 19వ శతాబ్దము తొలి ఏండ్లలో ఒక వ్రాత మరను చేసి యిచ్చినాడు. మర నేడు లేదు. 1808 నాటినుండి ఆమె దానితో వ్రాసిన ఉత్తరములు కొన్ని మాత్రము నిలిచినవి. ఇంగ్లండులో రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ 1806లో కార్బన్ కాగితమునకు హక్కుపత్రము పొందినప్పుడు ఆయన ఉద్దేశించిన వాడుకలలో అంధులు వ్రాసికొనుటయును ఒకటి. సిరాబుడ్డి ఎండినదో లేదో చూడలేనివారికి సిరా లేని వ్రాత అవసరమైనది. తరువాత ప్రపంచములోని కార్యాలయములన్నియు టైపు మరను, కార్బన్ కాగితమును వాడినవి. అంధుల అవసరమును ఎదుట ఉంచుకొని చేసిన ఆలోచన అందరికిని ఉపయోగపడుటకు ఇవి తొలి నిదర్శనములు. 1892లో అమెరికాలో ఫ్రాంక్ హాల్ బ్రెయిలి చుక్కలను మీటలతో అచ్చొత్తు మరను నిర్మించినాడు. 1951 నుండి పెర్కిన్స్ అంధ పాఠశాల వారి మర వచ్చినది; దానిని రూపొందించిన డేవిడ్ అబ్రహాం ఆ పాఠశాలలోనే చేతిపనులు నేర్పిన ఉపాధ్యాయుడు.

ఇక మా వృత్తికి దగ్గరి విషయము. ఎడిసన్ తన మాటలాడు యంత్రము దేనికి పనికివచ్చునో 1878లో ఒక పట్టిక వ్రాసి ప్రకటించినాడు. అందులో రెండవ స్థానమున అంధులకు చదివి వినిపించు పుస్తకములను పేర్కొన్నాడు. ఆ మాట నెరవేరుటకు 50 ఏండ్లు దాటినది. మామూలు గ్రామఫోను రికార్డు ఒక ప్రక్క నాలుగు నిమిషములకు మించి పలుకదు. నవల యొకటి వినవలెనన్న ఇల్లంతయు రికార్డులతో నిండును. 1934లో అమెరికా అంధ సంస్థ వారు నిమిషమునకు 33⅓ చుట్లు మాత్రమే తిరుగు రికార్డును సిద్ధపరచి, ఒక ప్రక్కకు పావుగంట చదువు పట్టించినారు. మరుసటి సంవత్సరము బ్రిటనులోను ఈ మాటాడు పుస్తకములు వచ్చినవి. సంగీత ప్రియులకు ఇదే వేగముగల దీర్ఘ రికార్డులు బజారున దొరకినది 1948లో! అనగా ఈ ఒక్క విషయమున అంధుల ఇండ్లు ఇరుగుపొరుగు కంటె 14 ఏండ్లు ముందు నడచినవి.

రేడియో పుట్టినప్పుడు అంధులు దానిని తమ వస్తువని తలచుట సహజము. వినుటకు కన్ను అక్కరలేదు. సోమ్ యుద్ధములో 1916లో చూపు కోల్పోయిన ఇయాన్ ఫ్రేజర్ పార్లమెంటు సభ్యుడై, అంధులు లైసెన్సు రుసుము చెల్లింపకయే రేడియో ఉంచుకొను చట్టమును 1926లో బ్రిటనులో తెప్పించినాడు. లైసెన్సు లేకున్న మాత్రమేమి, పెట్టె కొనుటకు సొమ్ము కావలెను గదా! అందులకై ఒక నిధి ఏర్పడినది. 1929 క్రిస్మస్ పండుగనాడు విన్‌స్టన్ చర్చిల్ ఆ నిధి కొరకు బి.బి.సి.లో శ్రోతలను అభ్యర్థించినాడు. పెట్టె చేతికి వచ్చిన తరువాత మిగిలిన చిక్కు ముందు చెప్పిన అద్దము వెనుకటి ముల్లు. అంధుల కొరకు సిద్ధపరచిన పెట్టెలలో నాబుల చుట్టును చుక్కలు పొదిగి ఆ చిక్కు తీర్చిరి. వేళ చెప్పు పనిని రేడియోయే తీసికొన్నది. బి.బి.సి. వారి ఆరు కూతల కాల సంకేతము 1924 ఫిబ్రవరి 5న మొదలైనది. కార్యక్రమముల నడుమ మేము వేళ చెప్పుచుండగా విసుగుకొను శ్రోతలుందురు. ఆ ఒక్క మాట ఎవరికో గడియారము అను సంగతి గుర్తుంచుకొనుట మంచిది.

వంటయింటిలోనికి వత్తము. 1923లో ఇంగ్లండులో గ్యాసు ఓవెనుకు వేడిని తనంతట తానే నియమించు రెగ్యులో అను అమరిక వచ్చినది. అంతకుముందు వంటచేయువారు ఓవెనులో చేయి పెట్టియో, కాగితపు ముక్క మాడు రంగు చూచియో వేడిని అంచనా కట్టుచుండిరి. ఇప్పుడు ఒక అంకె మీద నాబును నిలిపిన చాలును. ఇచ్చట అంధుల అదృష్టమొకటి గమనింపవలెను. వేడి అను కంటిలెక్క నాబు అను చేతిలెక్కగా మారినది. ఆ అంకెల ప్రక్కన ఉబ్బెత్తు చుక్కలు చేర్చినచో చూపున్న గృహిణికి ఉన్నంత నిశ్చయము చూపు లేని గృహిణికిని ఏర్పడును. మన వంటయిండ్లలోని ప్రెషర్ కుక్కరును తీసికొనుడు. దాని మూలపురుషుడు 1679లో డెనీ పాపాన్ చూపిన ఆవిరి పాత్ర. మన దేశపు సంస్థలు దానిని ఇంటింటికి చేర్చినవి. దానిలో అన్నము ఉడికినది లేనిది ఎవరును చూడలేరు. అందరును కూతలు లెక్కించువారే. ఈ ఒక్క పాత్ర ముందు చూపున్నవారును లేనివారును సమానులు. పాలు కాచుటకు వచ్చిన రెండు పొరల కూత గిన్నెయును అట్టిదే.

మన దేశపు చరిత్రను కొంచెము చెప్పవలెను. 1887లో అమృత్‌సరులో యానీ షార్ప్ అను క్రైస్తవ సేవకురాలు స్థాపించినది భారతదేశపు మొదటి అంధ పాఠశాల. రెండవ ప్రపంచ యుద్ధములో కండ్లు పోయిన భారతీయ సైనికుల కొరకు 1943లో డెహ్రాడూనులో సెయింట్ డన్‌స్టన్స్ వారి ఆశ్రమము వెలసినది. దానిని నడపిన క్లూథా మెకెంజీ న్యూజీలండు దేశస్థుడు. మొదటి యుద్ధమున గలిపోలిలో చూపు కోల్పోయినవాడు. స్వాతంత్ర్యానంతరము 1950లో అచ్చటనే వయోజన అంధుల శిక్షణ కేంద్రమును, 1951లో బ్రెయిలి ముద్రణాలయమును ఏర్పడినవి. నేటి జాతీయ దృష్టి దివ్యాంగుల సంస్థ ఆ బీజముల వృక్షమే. ఆ 1951లోనే భారత భాషలన్నిటికి ఒకే బ్రెయిలి లిపి, భారతీ బ్రెయిలి, అంగీకృతమైనది. తెలుగు ‘క’ కును, హిందీ ‘క’ కును, ఆంగ్లపు ‘కె’ కును చుక్కలొక్కటే: 1, 3. కావున కారపు డబ్బా మీద అతికించిన ఒక్క చుక్కల గుర్తు విజయవాడలోను, వారణాసిలోను ఒకే ధ్వనిని పలుకును. మన తెలుగు సీమలో హైదరాబాదున 1987లో పని ప్రారంభించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, కంటికి చికిత్సతో తిరిగి రాని చూపు గలవారికి పునరావాస శిక్షణ నిచ్చుచున్నది. నడచుట, వండుకొనుట, బట్టలు మడచుకొనుట వంటివి వైద్యములో భాగమే యని గుర్తించుట సామాన్య విషయము కాదు.

ఇంతవరకు చరిత్ర ముందుకే నడచినది. 1975లో ఒక మలుపు వచ్చినది. ఆ ఏడు అమెరికాలో అమానా సంస్థ వారు నాబులు తీసివేసి, నునుపైన పలక మీద అంకెలు తాకి నడుపు మైక్రోవేవ్ ఓవెనును బజారులోనికి తెచ్చినారు. తుడుచుట సులభము, చూచుటకు అందము. నాబులో త్రిప్పుడు ఉన్నది, ఆగు చోటు ఉన్నది, క్లిక్కుమను చప్పుడు ఉన్నది. నున్నని పలకలో ఇవి ఏవియు లేవు. వ్రేలు అంతటను ఒకే గాజును తాకును. పైగా వెదకుచు తడవిన చోటనెల్ల యంత్రము ఆజ్ఞగా తీసికొనును. యంత్రయుగము అంధులకు తెలియకయే యిచ్చిన వసతిని, విద్యుత్పరికరముల యుగము తెలియకయే తీసివేసినది. దుస్తులుతుకు మర, నేటి మన ఇండ్లలోని ఇండక్షన్ పొయ్యి, శీతల యంత్రపు మీటలు అన్నియు ఆ బాటనే పట్టినవి. ఇరువదేండ్లుగా గ్యాసు పొయ్యిమీద నిర్భయముగా వండుకొన్న అంధ గృహిణి, ఇంటిలోనికి క్రొత్త పొయ్యి వచ్చిన దినమున ఒక్కసారిగా ఏమియు చేయలేనిదగును. ఆమెలో మార్పు ఏమియు రాలేదు, మారినది పొయ్యి.

దీనికి విరుగుడు అదే విద్య నుండి రాజొచ్చినది. 1976లో రేమండ్ కర్జ్‌వైల్ అచ్చు పుస్తకమును చూచి పైకి చదువు యంత్రమును ప్రకటించినాడు. గాయకుడు స్టీవీ వండర్ దానిని తొలుత కొన్నవారిలో ఒకడు. ఆ దశకముననే ఫలితమును నోటితో చెప్పు లెక్కల యంత్రమును వచ్చినది. 2009లో ఐఫోను నున్నని గాజు తెరకే మాట వచ్చినది. ఒకసారి తాకినచో అచ్చట ఏమున్నదో ఫోను చెప్పును. వెంటవెంటనే రెండుసార్లు తట్టినచో ఆ పని చేయును. వెదకుట వేరు, ఆజ్ఞ వేరు అని విడదీసినందున గాజు పలక మరల అంధుని చేతికి లొంగినది. ఈ సులభమైన కీలకమును అన్ని గృహోపకరణములలోను అమర్చుటకు విద్య చాలును, తలంపు చాలలేదు.

చట్టము లేకపోలేదు. భారత ప్రభుత్వపు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 43వ విభాగమున, అందరును వాడుకొన వీలగునట్లు రూపొందించిన వినియోగ వస్తువుల తయారీని, పంపకమును ప్రభుత్వములు ప్రోత్సహింపవలెనని చెప్పినది. ప్రోత్సాహము ఫలించువరకు ఇంటివారు చేయదగినవి కొన్ని కలవు. అన్ని మీటల మీదను గుర్తులు పెట్టరాదు. అట్లు చేసిన అన్నియు ఒకటే యగును. ప్రారంభించు మీటకు ఒకటి, ఆపు మీటకు మరియొకటి, తరచు వాడు వేడికి ఒకటి చాలును. అంగడిలో దొరకు ఉబ్బెత్తు చుక్కలు లేనిచో గోళ్లరంగు బొట్టు గట్టిపడువరకు రెండు మూడు పూతలు వేసినను సరిపోవును. నాబు ఆరియున్న స్థితికి నేరుగా పొయ్యి పలక మీద ఒక చుక్క ఉంచినచో గ్యాసు కట్టినది లేనిది తడవి తెలియును. ఉప్పు డబ్బాకు ఒక రబ్బరు చుట్టు, చక్కెరకు రెండు. అన్నిటికంటె ముఖ్యము, తీసిన వస్తువును తీసినచోటనే ఉంచుట. దీనికి ఖర్చు లేదు. ఇంటిల్లపాది అలవాటు కావలెను.

ఇంకొక మాట చెప్పక తప్పదు. మన కుటుంబములలో చూపు లేని బిడ్డను ‘పొయ్యి దగ్గరకు రావద్దమ్మా, మేమున్నాము గదా’ అని కూర్చుండబెట్టుట ప్రేమయే. కాని ఆ ‘మేము’ ఎల్లకాలము ఉండము. తల్లి పోయిన తరువాత కాఫీ చుక్క కొరకు వదినను అడుగవలసి వచ్చిన ఆడపిల్లకు ఆ ప్రేమ ఏమి మిగిల్చినట్లు? కాలుట అందరికిని కలదు. కాలకుండ వండుట నేర్పినవారే మేలు చేసినవారు. పియర్సన్ తన సైనికులకు సానుభూతి కంటె ముందు గడియారమునిచ్చినది ఇందువలననే.

ఈసారి పొయ్యియో, దుస్తులుతుకు మరయో కొనుటకు అంగడికి పోయినప్పుడు శ్రోతలు ఒక పని చేయుదురు గాక. ధర అడుగుటకు ముందు కన్నులు మూసికొని, దాని మీద చేయి వేసి, ఏ మీట ఏదో తెలియుచున్నదేమో చూడుడు. తెలియనిచో అంగడివానితో ఆ మాట పైకి చెప్పుడు. ఇంటిలో అంధులు లేకున్నను చెప్పుడు. వయస్సు మీద పడిన కొలది కంటిచూపు మందగించుట అందరికిని ఉన్నదే. ఆ దినమున ఆ పొయ్యి మన యింటిలోనే ఉండవచ్చును. పది మంది అడిగినది అంగడివాడు వినును. వేయి మంది అడిగినది తయారు చేయువాడు వినును. ఈ రెండు నూరేండ్ల చరిత్రలో ప్రతి చుక్కయు ఎవరో ఒకరు అడిగినందుననే ఉబికినది.